మట్టి, పిండి, రంగు: జవళగిరి సీమలో పసిపిల్లల చేతి ఆటలు

రెండేళ్లు దాటి ఆరేళ్లు నిండని పిల్లలు మట్టి, నీళ్లు, ఇసుక, పిండి, రంగు, ఆకులు, పొట్టు వంటి వాటిని పిసికి, పులిమి, ఒలకబోసి, కలిపి ఆడుకునే ఆటలకు శిశువిద్యలో పెద్ద స్థానం ఉంది. చివరికి ఒక బొమ్మ తయారవ్వాలని గాని, అది చూడ్డానికి బాగుండాలని గాని వీటిలో నియమం లేదు. వేళ్లకు తగిలేది ఏమిటి, తడిపితే ఏమవుతుంది, నొక్కితే ఎటు జారుతుంది అని పిల్ల తనంతట తాను కనిపెట్టడమే ఇందులో పని. బట్టలు పాడవుతాయి, నేల తడుస్తుంది, గది చిందరవందర అవుతుంది. ఇళ్లలో ఈ ఆటలకు ప్రత్యేకంగా పేరేమీ లేదు. మట్టిలో ఆడుతున్నారని, పిండిలో చేతులు పెడుతున్నారని అంటారు, అదీ ఎక్కువగా కసురుకుంటూ అంటారు.

తమిళనాడులో కృష్ణగిరి జిల్లా, డెంకణికోట తాలూకాలోని జవళగిరి చుట్టుపక్కల ఊళ్లను ఆధారంగా తీసుకుని ఈ ఆటల చరిత్రను, పనితీరును, కావలసిన సరుకును, జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాం.

సీమ

జవళగిరి తళికి దగ్గరలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న అడవి అంచు ఊరు. హోసూరు, కోలారు, బెంగుళూరు చుట్టూ ఉన్న ఈ నేలకు మొరసునాడు అని పాత పేరు. ఒకప్పుడు సేలం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004 ఫిబ్రవరి 9న కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఇళ్లలో తెలుగు, కన్నడం వినిపిస్తాయి. బడిలో తమిళం ఉంటుంది. ఉర్దూ, లంబాడీ మాట్లాడే కుటుంబాలూ, ఇరుళుల ఇళ్లూ ఉన్నాయి.

నేల చాలావరకు ఎర్రమన్ను. చెరువు అడుగున నల్లని బంకమన్ను దొరుకుతుంది. ముఖ్యమైన పంట రాగి. వానకారులో విత్తిన రాగి కోతకొచ్చే కార్తీక, మార్గశిర మాసాల్లోనే బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి అడవిలోకి దిగుతాయి. ఆ నెలల్లో పొద్దుగూకిన తర్వాత పిల్లలను వాకిట్లోకి వదిలేవారుండరు. పైగా ఇది ఎత్తైన నేల, చలి ఎక్కువ. అందుకే తడి ఆటలకు ఇక్కడ పొద్దు బాగా ఎక్కి, వాకిట్లో ఎండ పడ్డ వేళే తగినది. మైదానంలోని బడికి రాసిన వేళాపట్టికను తెచ్చి ఇక్కడ గోడకు అంటిస్తే పిల్లలకు జలుబు చేయడం తప్ప ప్రయోజనం లేదు.

మనలో ముందే ఉన్న ఆటలు

ఈ ఆటలను విదేశాల నుంచి వచ్చిన కొత్త సంగతిగా చెప్పే అలవాటు పట్టణాల్లో ఉంది. ఇది సరికాదు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక తట్టి, మెల్లగా కాలు బయటికి లాగి కట్టే పిచ్చుకగూళ్లు తెలుగునాట ఎక్కడ చూసినా ఉన్నాయి. మట్టితో, ఆకులతో వంట వండి వడ్డించే గుజ్జనగూళ్ల ఆట ఎంతో పాతది. సంక్రాంతికి పేడ ముద్దలు చేసి గొబ్బెమ్మలు పెడతారు. తెలంగాణలో ఆడపిల్లలు భాద్రపదంలో మట్టితో అంచెలంచెలుగా బొడ్డెమ్మను నిలబెడతారు. ఉత్తర కర్ణాటకలో, దానికి ఆనుకున్న తెలుగు ఊళ్లలో జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. వినాయక చవితికి బంకమట్టి విగ్రహం చేసే ఇంట్లో మిగిలిన ముద్ద పిల్లల చేతికే పోతుంది. ఇల్లు అలికే తల్లి పక్కన కూర్చుని చిన్న గుడ్డతో తానూ అలకడం, రొట్టె పిండి పిసికే అవ్వ దగ్గర గోలీకాయంత ఉండ అడిగి తీసుకోవడం, ఎర్రమన్ను నీళ్లలో వేళ్లు ముంచి గోడకు అద్దడం, ఇవన్నీ ఒక తరం కిందటి వరకు ఎవరూ నేర్పకుండానే జరిగిపోయాయి.

ఇసుకలో వేలితో అక్షరాలు రాయించిన మన వీధిబడుల పద్ధతి ప్రపంచమంతా తిరిగిన కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. మద్రాసు ఎగ్మూరులో 1789లో మొదలైన సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడిగా ఉన్న ఆండ్రూ బెల్, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన శరణాలయంలోనూ పెట్టించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతినీ కలిపి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండు బడుల్లో పాతుకుపోయింది. దక్షిణాది ఇసుక అరుగుల మీద నుంచి ఇంగ్లండుకు వెళ్లిన ఈ పద్ధతి, ఇవాళ ‘సెన్సరీ ట్రే’ అన్న పేరుతో మన ప్రైవేటు బడుల్లోకి తిరిగివస్తోంది.

పడమటి దేశాల్లో ఈ ఆలోచన బడిరూపం దిద్దుకున్న తీరును క్లుప్తంగా చెప్పవచ్చు. ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో మొదలుపెట్టిన శిశువిద్యాలయంలో బంకమట్టి పనికి, కాగితపు పనికి చోటిచ్చాడు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన పిల్లల ఇంట్లో స్పర్శకు పెద్దపీట వేసింది. గరుకు కాగితం మీద అక్షరాన్ని వేలితో తడిమి నేర్చుకోవడం ఆమె ఇచ్చినదే. అయితే ఆమె సామగ్రి పొడిది, క్రమమైనది. పులుముకుని ఆడే ఆటకు అందులో చోటు తక్కువ. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలంలో కొన్నాళ్లు కొడైకెనాల్‌లో ఉండి, 1946 దాకా ఈ దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. వేళ్లతో పూసే చిక్కటి రంగును బడికి తెచ్చింది రూత్ ఫైసన్ షా అనే అమెరికా ఉపాధ్యాయురాలు. రోమ్‌లో బడి నడిపిన ఆమె ఆ రంగు గురించి 1934లో పుస్తకం రాసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలోని రెజియో ఎమిలియాలో లోరిస్ మలగూజ్జి నడిపించిన శిశుబడుల్లో ప్రతి బడికీ ఒక కళాగది, అందులో ఒక కళాకారుడు తప్పనిసరి అయ్యారు.

మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945 తర్వాత మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, ఆ తర్వాత కోస్‌బాడ్‌లో ఆదివాసి పిల్లల కోసం వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోనే బడి నడిపారు. ఆకులు, గింజలు, గులకరాళ్లు, మట్టి అక్కడి పాఠ్యసామగ్రి. సేవాగ్రామ్‌లో దేవీప్రసాద్ 1944 నుంచి గాంధీజీ నయీ తాలీమ్ బడిలో పిల్లలకు చిత్రకళ, కుండల పని నేర్పాడు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆ ముంగిలి బడి పేరునే, అంగన్‌వాడి అన్న పేరునే, దేశమంతటికీ తీసుకుంది. తమిళనాడులో దాన్ని జనం బాల్వాడి అంటారు. ముంగిట్లో మట్టి, గింజలతో పుట్టిన బడి ఆ పేరు తీసుకున్న చాలా కేంద్రాల్లో అన్నం పెట్టి పడుకోబెట్టే గదిగా కుదించుకుపోవడం బాధాకరం.

చేతిలో జరిగేది

మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే వాటిలో ఒక్కటీ కనబడదు. అప్పటికి అవి మృదులాస్థిగానే ఉంటాయి. మూడేళ్లకు మూడు నాలుగు గట్టిపడతాయి. చివరిదైన బఠాణీ ఎముక గట్టిపడేసరికి పిల్లకు ఎనిమిదేళ్లు దాటుతాయి, కొందరికి పన్నెండు వస్తాయి. మూడేళ్ల చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు నింపించేవాళ్లు ఆ చెయ్యి ఇంకా కట్టుబడి పూర్తి కాలేదని గుర్తించాలి. ఆ చేతికి బలం రావలసింది పిసకడం, పిండడం, చిదమడం, తిప్పడం, చరచడం వల్ల. బంకమన్ను ముద్దను రెండు చేతుల మధ్య పెట్టి పొడుగ్గా చేసే పిల్ల అరచేతి కండరాలను, బొటనవేలు, చూపుడువేలు కలిసే పట్టును, రెండు చేతుల పొందికను ఒక్కసారే సాధన చేస్తుంది. తడిబట్ట పిండడమూ అంతే మంచి వ్యాయామం.

గీత గీయడానికీ వయసుల వరస ఉంది. ఏడాదిన్నర నుంచి గీకుడు, మూడేళ్లకు గుండ్రన, నాలుగుకు కూడిక గుర్తు, అయిదుకు త్రిభుజం, కాస్త ముందూ వెనుకగా పిల్లలందరూ ఈ మెట్లే ఎక్కుతారు. ఆస్ట్రియాలోని లింట్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో అచ్చైన పుస్తకంలో ఈ దశలను వివరంగా రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో శిశుబడుల నుంచి లక్షల బొమ్మలు పోగుచేసిన రోడా కెల్లాగ్, గీకుడులోనే 20 మూల రూపాలున్నాయని 1969లో చూపించింది. పెద్దల కంటికి పిచ్చిగీతలుగా కనబడేవాటిలో వరస ఉందని ఆమె నిరూపించిన తర్వాత, గీకుడు కాగితాన్ని చింపి పారేయడానికి ఉపాధ్యాయురాలికి కారణం లేదు.

మట్టి ముద్ద ఆలోచనకూ పనికొస్తుంది. జాన్ పియాజే చేసిన ప్రసిద్ధ పరీక్షలో రెండు సమానమైన మట్టి ఉండల్లో ఒకదాన్ని పిల్లల ఎదుటే పొడుగ్గా సాగదీస్తారు. ఆరేడేళ్ల లోపు పిల్లలు చాలామంది పొడుగుదానిలో మట్టి ఎక్కువుందంటారు. మాటల్లో ఎంత చెప్పినా వాళ్లకు ఎక్కదు. అదే ముద్దను వందసార్లు చుట్టి, సాగదీసి, మళ్లీ ఉండ చేసిన చేతులు ఏదో ఒకనాడు సంగతి పట్టేస్తాయి.

స్పర్శ అందరికీ ఒకేలా ఉండదని కూడా తెలుసుకోవాలి. కొందరు పిల్లలు బంకగా ఉన్నదేదైనా తగిలితే ఏడుస్తారు, చేయి వెంటనే తుడుచుకుంటారు. అమెరికా వృత్తి చికిత్సకురాలు జీన్ ఏయర్స్ 1972 నాటి పుస్తకంలో ఇంద్రియాల సమన్వయం గురించి రాస్తూ ఇలాంటి పిల్లలను లోతుగా పరిశీలించింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది. వాళ్ల చెయ్యి పట్టుకుని బలవంతాన బురదలో ముంచడం క్రూరత్వం. రంగును గట్టి ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి అంటించి పైనుంచి నొక్కనివ్వడం, గరిటెతో కలపనివ్వడం, పక్కన కూర్చుని చూడనివ్వడం, ఇవే మొదటి మెట్లు. నెలలు పట్టినా పట్టనివ్వాలి.

మాట దొరికే చోటు

జవళగిరి సీమలో ఈ ఆటలకు మరో బలమైన కారణముంది. ఇంట్లో తెలుగో కన్నడమో విన్న మూడేళ్ల పిల్ల బాల్వాడిలో తమిళం వింటుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠమైంది, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పాకింది. ఈ మార్పు బరువు ముందుగా పడేది బాల్వాడి పిల్లల నోటి మీద. కొత్త భాష ముందు నోరు కట్టేసుకున్న పిల్ల బురద తొట్టి దగ్గర మాత్రం మాట్లాడుతుంది. జిగటగా ఉంది, జారిపోతోంది, గరుగ్గా ఉంది, చల్లగా ఉంది, పొడిపొడిగా రాలుతోంది, మెత్తగా నలిగింది: ఇన్ని మాటలు ఒక్క గంటలో అవసరపడే చోటు తరగతి గదిలో వేరే లేదు. పక్కనున్న పిల్ల అదే పనిని కన్నడంలో చెబుతుంది, టీచరు తమిళంలో చెబుతుంది. తెలుగు మన్ను, కన్నడ మణ్ణు, తమిళ మణ్ పిల్ల చెవికి చుట్టాల్లాగే వినిపిస్తాయి. చేతిలో వస్తువు ఉన్నప్పుడు మూడు భాషలూ ఒకదానికొకటి అడ్డం రావు. ఇంటి మాటను అణచకుండా కొత్త మాట నేర్పాలనుకునే టీచరుకు ఇంతకంటే మంచి సాధనం లేదని గట్టిగా చెప్పవచ్చు.

సరుకు

కొనవలసింది తక్కువ. పిల్లల ఆటకు మన్ను చెరువు లోతు నుంచి, మురుగు కలవని చోట తియ్యాలి. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, రాళ్లు, ముళ్లు, గాజుపెంకులు ఏరి, రాత్రంతా నానబెట్టి మెదిపితే వెన్నలా అవుతుంది. తడిగోనె కప్పి ఉంచితే వారాల తరబడి వాడుకోవచ్చు. కుమ్మరి ఉన్న ఊళ్లో అతన్నే అడిగి సిద్ధం చేసిన మన్ను తీసుకోవడం మేలు, అతని పని పిల్లలు చూడటం ఇంకా మేలు.

వేళ్లతో పూసే రంగుకు గంజి ఆధారం. కర్రపెండలం పిండినో మొక్కజొన్న పిండినో చన్నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ కాస్తే చిక్కబడి జిగురులా మెరుస్తుంది. చల్లారాక చిటికెడు ఉప్పు వేసి, గిన్నెల్లోకి పంచి, రంగు కలపాలి. పసుపు, బీట్‌రూట్ రసం, నూరిన పాలకూర, మెత్తని బొగ్గుపొడి, జల్లించిన ఎర్రమన్ను, సుద్ద సరిపోతాయి. శంఖపుష్పం నానబెట్టిన నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదారంగు అవుతుంది, పిల్లలు ఆ మార్పును చూసి కేకలు పెడతారు. పసుపు నీళ్లలో వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. పారాణికి పెద్దలు వాడే సున్నం పిల్లల కళ్లకు, చర్మానికి ప్రమాదం, దాన్ని దగ్గరకు రానివ్వకూడదు. పసుపు మరక ఎండకు వెలుస్తుంది గనుక తల్లులు భయపడనక్కర లేదు. ముద్రలకు బెండకాయ ముక్క, అరటి దూట, వేప ఈనెలు, మామిడాకు బాగుంటాయి. మామిడి తోటల జిల్లా ఇది, అయినా పచ్చికాయ సొన మాత్రం ఒళ్లు పుండు చేస్తుంది.

కాయని మొక్కజొన్న పిండిని కొంచెం నీళ్లతో కలిపితే మరో వింత. గట్టిగా కొడితే రాయిలా ఆగుతుంది, వదిలేస్తే కారిపోతుంది. రాగిపిండి ఇలా చేయదు. దాని గరుకు, దాని వాసన వేరే. రాగిపొట్టు, ఊక, ఎండుగడ్డి పొడి ఆటకు మంచివి.

తిండిగింజలతో ఆడించడం తప్పా అన్న ప్రశ్నకు ఈ సీమలో బరువుంది. పంట సగం ఏనుగుల పాలైన ఇంటి పిల్లకు గిన్నెడు రాగిపిండి ఒలకబోయమని చెప్పడం సబబు కాదు. పొట్టు, మన్ను, ఆకులు ఉండగా మంచి పిండిని ఎక్కువగా వాడకూడదు. వాడినది సాయంత్రానికి పశువులకు పెట్టాలి. అడవి అంచున ఉన్న బడిలో పిండి ముద్దలను, గంజిని రాత్రి బయట వదలకూడదు, ఆ వాసన ఏనుగులను రప్పిస్తుంది.

బాల్వాడిలో, ఇంట్లో

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది. ఆ దశకు పాఠ్య చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. ఆట, బొమ్మలు, కళ దానికి ఆధారాలు. తమిళనాడు 2019లో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల ఆవరణల్లో ఉన్న 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు పెట్టింది. కాగితం మీద ఈ ఆటలకు అడ్డేమీ లేదు. అడ్డంతా నీళ్ల దగ్గర, మనుషుల దగ్గర ఉంది. ఒక కార్యకర్త, ఒక ఆయా. పిల్లల తూకం, రిజిస్టర్లు, సెల్‌ఫోనులో నమోదు, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం కార్యకర్త పని. వంట, ఊడ్పు ఆయా పని. ఇరవై మంది పిల్లలు రంగు పులుముకుంటే కడగవలసింది ఆయానే. ఆమె వద్దంటే తప్పు ఆమెది కాదు. నలుగురైదుగురిని ఒక్కో విడతగా కూర్చోబెట్టడం, నేల మీద పాత టార్పాలిన్ పరచడం, అన్నల పాత చొక్కాలను వెనుకముందుగా తొడగడం, కడగడానికి రెండు తొట్లు పెట్టి పిల్లలే ఒకరి చేతులు ఒకరు కడుక్కునేలా చేయడం, ఇలా చేసినచోట పని సగం తగ్గుతుంది. కడుగుడూ ఆటలో భాగమే.

తల్లిదండ్రుల అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తరతరాలుగా మట్టిలోనే బతికిన కుటుంబం, బిడ్డ చేతికి మన్ను అంటకూడదనే బడికి పంపుతుంది. తెల్ల చొక్కా ఆ ఇంటి ఆశ. గంటన్నర రెండు గంటల దూరంలోని బెంగుళూరులో ఎక్కువ ఫీజు కట్టే కుటుంబాల పిల్లలు అద్దాల గదిలో బురద ఆట ఆడుతున్నారని వాళ్లకు చెప్పి ఒప్పించడం గౌరవంగా ఉండదు. ఈ ఆట రాతకు చేతిని సిద్ధం చేస్తుందని, మాట నేర్పుతుందని నెలకోసారి పిలిచి చూపించాలి. తల్లులను కూడా కూర్చోబెట్టి ముద్ద చేతికివ్వాలి. మట్టిపని తక్కువ పని అన్న భావాన్ని బడి మరింత గట్టిపరచకూడదు.

ప్రమాదాలు

మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఏ పిల్లకూ తప్పిపోకూడదు. గోళ్లు కత్తిరించాలి. ఆట అయ్యాక సబ్బుతో కడగాలి. కాలికి, చేతికి పుండు ఉన్న పిల్లకు ఆ రోజు పొడి ఆటే ఇవ్వాలి. మట్టి నోట్లో పెట్టుకోవడం ఏడాది పిల్లకు సహజం. పోతన భాగవతంలో కృష్ణుడు మన్ను తిన్న ఘట్టం తెలియని తెలుగువాళ్లు ఉండరు. కానీ మూడేళ్లు దాటినా అదే పనిగా మన్ను తింటుంటే అది రక్తహీనతకు గుర్తు కావచ్చు, ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

గోడలకు వేసే పెయింటును పిల్లల చేతికి ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు కొన్న డబ్బాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. విడిగా అమ్మే పసుపులో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది గనుక కొమ్ములు తెచ్చి కొట్టించుకున్న పసుపే వాడాలి. శనగలు, చింతగింజలు, పూసలు మూడేళ్లలోపు పిల్లల ముక్కులో, గొంతులో ఇరుక్కుంటాయి. నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్లీ గోళీలు పొరపాటున మింగితే పేగులో ఉబ్బి ప్రాణం మీదకు తెస్తాయి, వాటిని బడి గడప దాటనివ్వకూడదు. అరచెయ్యి లోతు నీళ్లున్న తొట్టి దగ్గరైనా పెద్దవాళ్లు ఒకరు కదలకుండా కూర్చోవాలి.

జవళగిరి సీమ బాల్వాడులు అడగవలసినవి కొన్నే: వారానికి రెండు పూటలు ఈ ఆటకు విడిచిన సమయం, కుళాయిలో నీళ్లు, నెలనెలా సబ్బు, ఆ రెండు పూటలకు ఆయాకు తోడుగా మరో మనిషి. పంచాయతీలు, జిల్లా అధికారులు ఈ నాలుగూ సమకూర్చాలి. తల్లిదండ్రులు ఆ రెండు రోజులు పిల్లలకు పాత బట్టలు తొడిగి పంపాలి.